లప్పం పిట్టలు

చర్చి వెనక గది,
నవంబరు 20

వదినకి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఇక్కడ పోస్టు వారానికి రెండుసార్లే తీస్తారు. అందుకే ఆలస్యం.

నేను బాగానే ఉన్నాను. గదిలో ఒక మంచం, ఒక స్టవ్, ఒక పెద్ద బల్ల. బల్ల నిండా అద్దాలు. నేను తినడానికి మంచం మీద కూర్చుంటాను.

పని పెద్దది. చర్చి పడమటి గోడ మొత్తం ఒకే కిటికీ. ఓడలోంచి ఒక ముసలాయన పావురాన్ని బయటికి వదులుతున్న బొమ్మ. ముప్పై రెండు పలకలు. రంగుటద్దాల్ని పట్టుకుని ఉండే సీసపు పట్టీలన్నీ వంగిపోయాయి. గాలి వీస్తే కిటికీ పళ్లు కొరుకుతున్నట్టు ఉంటుంది. ఒక్కో పలకనీ దించి, కాగితం మీద దాని అచ్చు తీసుకుని, ముక్కలకి అంకెలు వేసి, పాత సీసం విప్పి, కొత్త పట్టీల్లో కూర్చి, టంకం వేసి, సందుల్లో లప్పం కుక్కి మళ్లీ పైకెక్కించాలి. కింది వరస ఎనిమిది పలకలూ పోయిన వారం ఎక్కించాను.

లప్పం నేనే కలుపుకుంటున్నాను. మీ చెల్లెలు కలిపినంత నున్నగా రావడం లేదు.

తోడు పిట్టలే. గోపురంలో గుడ్లగూబల జంట ఉంది. పిట్టగోడ మీద పావురాలు. నల్లటి నెత్తి, తెల్లటి బుగ్గలు ఉన్న చిన్న పిట్టల గుంపు ఒకటి రోజంతా కిటికీ చుట్టూ తిరుగుతుంది. గంట కొట్టే ముసలాయన వాటిని టోపీ పిట్టలంటాడు. ఆయన్ని అందరూ గంటాయన అంటారు.

బుడ్డమ్మ ఎలా ఉంది? మే నెలలో మీ దగ్గరికి పంపినప్పుడు వాళ్లమ్మ కోలుకునేదాకా అనుకున్నాం. జులైలో ఆ గడువు పోయింది. కొన్నాళ్లు అక్కడే ఉండనివ్వండి.

మీ మరిది


రైలుగేటు వీధి,
డిసెంబరు 1

మరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి తంతి అనుకుని మీ అన్నయ్య హడలిపోయారు. అన్నీ మూడేసి మాటలే! కిటికీకి వేసే టంకం కాస్త నోటికి కూడా వేసుకున్నావా ఏంటి? ఏడవాలనిపిస్తే ఏడువు. ఇక్కడ మేమందరం ఏడ్చాం, ఎవరికీ ఏమీ కాలేదు.

నీ కూతురి సంగతి చెప్తా విను. ఆగస్టులో ఏడో ఎక్కం దాకా గడగడా అప్పజెప్పిన పిల్ల ఇప్పుడు నాలుగో ఎక్కం దగ్గర నీళ్లు నములుతోంది. టీచరమ్మ "తల్లి పోయిన పిల్ల కదండీ, మెల్లిగా తేరుకుంటుంది" అంది. సరే అన్నా. పొద్దున్నే బడి టైముకి కడుపునొప్పి అంటుంది. నాటకమనుకుని ఓ రోజు కేకలేశా. నిజంగానే మెలికలు తిరిగిపోయింది పిచ్చిది. అప్పట్నుంచి కేకలెయ్యడం మానేశా.

ఓ ముచ్చట చెప్పనా? నీ లప్పం మిగిలితే అక్కడ పిట్టలు చేసుకునేదట కదా ఇది. వాటిని తీసుకెళ్లొద్దని వాళ్లమ్మ గట్టిగా చెప్పిందట. ఈ దొంగది మేజోట్లో కుక్కి, గౌన్ల మధ్య పెట్టి ఎనిమిదింటినీ తెచ్చేసుకుంది. కిటికీలో వరసగా నిలబెట్టి పాఠాలు చెప్తుంది. ఏడు తను చేసినవి. ఎనిమిదోది మా చెల్లి చేసింది, నోట్లో ఆకు ఉంటుంది దానికి. అది పక్కలో లేందే పడుకోదు. నిద్రలో దాని ముక్కు చప్పరిస్తుంది. చప్పరించి చప్పరించి పావురాన్ని కోడిపిల్లని చేసేసింది. "ఏం రుచే దానికి?" అంటే "తియ్యగా ఉంటుంది పెద్దమ్మా" అంటుంది. అమ్మ చేసింది మరి, తియ్యగా కాక చేదుగా ఉంటుందా.

సెలవులకి రా. గుమ్మంలో నీ చెప్పులు కనబడితే చాలు దానికి.

వదిన


చర్చి వెనక గది,
డిసెంబరు 12

వదినకి,

సెలవులకి రాలేను. రెండో వరస దించి ఉంది. ఖాళీలకి చెక్కలు కొట్టాను గానీ వాన పడితే ఆగవు.

ఇక్కడ ఒక విషయం జరుగుతోంది. ఓడ కిటికీ కింద పిట్టలు చచ్చి పడి ఉంటున్నాయి. మొదట ఒకటే. పిల్లి పని అనుకున్నాను. పిల్లి అయితే తినకుండా వదలదు. శుక్రవారానికి నాలుగు. అన్నీ టోపీ పిట్టలే. ఒంటి మీద గాయం లేదు. ఒకటి నేను చూస్తుండగానే పడింది. పరంజా కర్ర మీద కూర్చుని ఉంది. తల ఒక పక్కకి వాలింది. రెక్కలు కిందికి జారాయి. కర్ర మీద పట్టు తప్పింది. అంతే.

గంటాయన వాటిని తన టోపీలో వేసుకుని తీసుకెళ్లి సమాధుల పక్కన పాతిపెడుతున్నాడు. నా మీద కోపంగా ఉన్నాడు.

"నలభై ఏళ్ల నుంచి ఇక్కడ గంట కొడుతున్నా. పిట్ట చావడం చూశా గానీ ఇట్టా పిట్టలు చావడం చూళ్లేదు. నువ్వొచ్చాకే ఇది."

"నేనేం చేశానండీ?"

"నన్నడుగుతావేంటి? ఏం పూశావు ఆ అద్దాలకి?"

"లప్పం."

"దాన్నే తింటున్నాయి. పైనే ఉంటావుగా రోజంతా, కళ్లెక్కడ పెట్టుకున్నావు?"

ఎక్కి చూశాను. బయటివైపు సందుల నిండా ముక్కు గాట్లు ఉన్నాయి. లప్పంలో అవిసె నూనె ఉంటుంది. చలికాలం కొవ్వు కోసం అవి దాన్ని పొడుచుకు తింటున్నాయి. బయట వల కట్టడం మొదలుపెట్టాను.

బుడ్డమ్మకి కడుపునొప్పి తగ్గిందా? చేతులు కడుక్కుని తింటుందా? చూడండి.

మీ మరిది


రైలుగేటు వీధి,
జనవరి 3

మరిదీ,

నీ ఉత్తరంలో పిట్టల గురించి అంత భాగోతం, పిల్ల గురించి చివర్లో ఒక్క ముక్క. అది కూడా చేతులు కడుక్కుంటుందా అని! మా ఇంట్లో పిల్లలకి శుభ్రం తెలీదనా నీ ఉద్దేశం? ఆ టోపీ పిట్టల మీద ఉన్న దిగులులో పావు వంతు కన్నకూతురి మీద ఉంటే ఈపాటికి రైలెక్కేవాడివి.

సరే, తిట్టడానికి కాదు ఈ ఉత్తరం. నాకు భయంగా ఉంది.

పిల్లకి రంగు పోయింది. గోళ్లు తెల్లగా పాలిపోయాయి. ముద్ద దిగట్లేదు, దిగింది కాస్తా బయటికొస్తోంది. మా డాక్టరు నులిపురుగులన్నాడు, మందిచ్చాడు. రెండు డబ్బాలయ్యాయి. నిన్న పొద్దున పాలగ్లాసు ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుంది. నేను చూస్తూనే ఉన్నా, పట్టుకునే ఉంది, కానీ పట్టు లేదు. మణికట్టు వాలిపోయింది. గ్లాసు జారి పగిలింది. అది భయపడి నా మొహంలోకి చూసింది.

మా చెల్లి కూడా చివర్లో ఇలాగే గ్లాసులు వదిలేసేది కదా? ఇలాగే మణికట్టు వాల్చేసేది కదా? నువ్వే రాశావు నాకు.

వాళ్లమ్మ జబ్బు పిల్లకి వస్తుందా అని డాక్టర్ని అడిగాను. నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి ఆ ఆకు పిట్టని చేతిలో పెట్టా. అప్పటికి గానీ కళ్లు మూయలేదు.

రా. ఎందుకు రావట్లేదో చెప్పు, లేదా రా.

వదిన


చర్చి వెనక గది,
డిసెంబరు 26

వదినకి,

మీకు చెప్పాల్సింది ఒకటి ఉంది.

పిట్టలు పదకొండు చచ్చాయి. చచ్చింది నూనె వల్ల కాదు. లప్పంలో సుద్ద పొడి, నూనె, దీపపు మసి, ఇవి కాక ఎర్ర సీసం పొడి కలుపుతాను. మా మేస్త్రీ కలిపేవాడు. అది పడితే లప్పం రాయిలా గట్టిపడుతుంది. ఇప్పుడెవరూ కలపరు. నేను మానలేదు.

సీసం విషం. నాకు తెలియక కాదు. కాలేజీలో రసాయన శాస్త్రం చదివాను. సీసం ఒంట్లో చేరితే ఏమవుతుందో పరీక్షలో రాశాను. కడుపునొప్పి, రక్తం తగ్గడం, మణికట్టు వాలిపోవడం, చిగుళ్ల మీద నీలపు గీత, చివరికి ఫిట్స్. వరస తప్పకుండా రాశాను. మంచి మార్కులు వచ్చాయి.

ఏడేళ్లు లప్పం మీ చెల్లెలు కలిపింది. వంటగది బల్ల మీద, ఉత్త చేతులతో. నాకు అద్దం కోయడానికి టైము మిగులుతుందని. పొడి జల్లెడ పట్టేది. నా పనిబట్టలు దులిపి ఉతికేది. డాక్టర్లు రక్తహీనత అన్నారు, నరాలన్నారు. నేను పక్కనే నిలబడి తల ఊపాను. ఆమె చిగుళ్ల మీద గీత చూశాను. పళ్లపొడి రంగు అనుకున్నాను.

ఆ బల్ల పక్కనే కూర్చుని బుడ్డమ్మ చేతులతో

జనవరి 6

పైన రాసింది పదకొండు రోజులు నా జేబులో ఉంది. పిల్ల దగ్గరికొచ్చేసరికి కలం సాగలేదు. మీ డిసెంబరు ఉత్తరంలో "తియ్యగా ఉంటుంది" అన్న మాట అప్పుడే మళ్లీ చదివాను. సీసం తియ్యగా ఉంటుందని కూడా నాకు తెలుసు. ఉత్తరం మడిచి పెట్టేశాను. మళ్లీ విప్పలేదు.

ఇవాళ మీ ఉత్తరం వచ్చింది. తంతి ఇచ్చి వచ్చి ఇది రాస్తున్నాను.

పిట్టలన్నీ తీసేయండి. తడిగుడ్డతో ఎత్తండి. కాల్చకండి, పగలగొట్టకండి. ఆ కిటికీ, పక్కబట్టలు, దుప్పటి అన్నీ కడగండి. పిల్లని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. నులిపురుగులంటే ఒప్పుకోకండి. రక్తంలో సీసం చూడమనండి. తండ్రిది సీసం పని అని చెప్పండి. చిగుళ్లు చూడండి.

నేను ఇప్పుడు రాను. నా బట్టల్లో, జుట్టులో, గోళ్లలో అదే ఉంది.


పెద్దాసుపత్రి, పిల్లల వార్డు,
జనవరి 13

మరిదిగారికి,

మీ తంతి మంగళవారం, ఉత్తరం శనివారం అందాయి.

రక్తం తీశారు. డాక్టరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చూసింది. మూడోసారి నన్ను చూసింది. "ఇంత ఎలా వచ్చింది ఈ పిల్లకి?" అంది. చెప్పాను. శుక్రవారం మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి. నాలుగు నిమిషాలు. గడియారం నా ఎదురుగా ఉంది కాబట్టి తెలుసు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఐదు రోజులు ఇచ్చి, ఆపి, మళ్లీ చూస్తారట. బతుకుతుందా అని అడిగితే "వేళకే తెచ్చారు అనుకుందాం" అంది. అనుకుందాం అట.

చిగుళ్లు చూడమన్నారు. చూశాను. గీత ఉందో లేదో తెలీలేదు. నాకు కళ్లు కనబడలేదు.

పిట్టలు ఏడే దొరికాయి. ఆకు పిట్ట లేదు. పరుపు చింపి చూశారు మీ అన్నయ్య. పిల్లని అడిగితే పెదాలు బిగించి గోడవైపు తిరుగుతోంది. రక్తంలో సీసం తగ్గాల్సినంత తగ్గట్లేదని ఇవాళ పొద్దున చెప్పారు.

నా చెల్లెలు ఎలా పోయిందో నాకు ఇన్నాళ్లకి తెలిసింది. దాని గురించి రాయడానికి ఇప్పుడు నాకు తీరిక లేదు.

పదకొండు రోజులు. జేబులో. ఆ పదకొండు రోజులూ దాన్ని ఊరుకోబెట్టడానికి ఆ విషాన్ని నేనే దాని చేతిలో పెట్టాను.

మీరు రావద్దు.


చర్చి వెనక గది,
జనవరి 16

వదినకి,

మేజోళ్లు చూడండి. కాళ్లకి వేసుకున్నవే. విప్పించి చూడండి. ఇది తంతిలో కూడా పంపాను.



ఫాదరుతో అంతా చెప్పాను. ఆయన "దించేయండి" అన్నారు. ఎక్కించిన ఎనిమిది పలకలూ దించాను. సందుల్లోంచి లప్పం తీస్తున్నాను. పొడి లేవకుండా తడిపి, వెదురుపుల్లతో, అంగుళం అంగుళం. పలకకి మూడు రోజులు పడుతోంది. గంటాయన నిచ్చెన పట్టుకుంటాడు. నిన్న దిగుతుంటే అడిగాడు.

"పిల్ల ఎట్టా ఉంది?"

"తెలీదండీ."

"తెలిస్తే చెప్పు. నేను పైకెళ్లి గంట దగ్గర కూర్చుంటా. నువ్వు కేకేస్తే వినబడుతుంది."

నా రక్తం కూడా చూపించాను. ఉంది. ఇరవై ఏళ్లుగా ఈ పని చేసేవాడికి ఉండేంతే అన్నారు. నేను చేతులకి తొడుగులు వేసుకునేవాణ్ని.

ఒక్క మాట రాయండి. లేచి కూర్చుందా?


రైలుగేటు వీధి,
ఫిబ్రవరి 9

మరిదీ,

లేచి కూర్చుంది. ముందు ఆ మాట రాశాను, ఇక ఊపిరి పీల్చుకో. మీ గంటాయనకి కేకెయ్యి.

నువ్వు చెప్పినట్టే మేజోట్లో దొరికింది. ఎడమ కాలు, మడమ కింద. ఆస్పత్రి మంచం మీద కూడా మేజోళ్లు విప్పనివ్వకపోతే చలి అనుకున్నా నా తెలివికి! నర్సు లాగుతుంటే ఎవరో చంపుతున్నట్టు అరిచింది. "అది అమ్మ వేలు, అమ్మ వేలు" అని. నాకు అర్థం కాలేదు. తర్వాత చూశా. రెక్క మీద మా చెల్లి బొటనవేలి అచ్చు ఉంది. గీతలతో సహా.

డాక్టరమ్మ పారేయమంది. చేతులు రాలేదు. సీసాలో పెట్టి మూత బిగించి, పిల్లకి అందకుండా బీరువా పైన పెట్టా. కింద నిలబడి చూస్తూ ఉంటుంది.

అది తీసేశాక ఇంజెక్షన్లు పనిచేశాయి. ఇంకో రెండు విడతలు ఇచ్చారు. సీసం సగానికి పైగా దిగింది. ఇంటికొచ్చేశాం. గ్లాసు పట్టుకుంటోంది, రెండు చేతులతో. మార్చి పద్నాలుగున మళ్లీ రక్తం చూస్తారు. బుర్ర మీద ఏమైనా మిగిలిందా అంటే ఇప్పుడే చెప్పలేం అంటున్నారు. నాలుగో ఎక్కం మళ్లీ మొదటి నుంచి చెప్తున్నా. నాలుగు మూళ్లు దగ్గర ఆగితే నా గుండె కూడా అక్కడే ఆగుతుంది.

ఇప్పుడు నేను దాచింది చెప్తాను. నీ పదకొండు రోజుల్ని అంత దులిపేశాను గానీ, నావి తొమ్మిది నెలలు.

మే నెలలో పిల్ల బ్యాగులో మా చెల్లి రాసిన కాగితం వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నా. "అక్కా, దీన్ని నీ దగ్గరే ఉంచు. నేను ఉన్నా పోయినా ఈ ఇంటికి మాత్రం పంపకు. ఎందుకని ఆయన అడిగితే చెప్పకు. తెలిస్తే ఆయన చేతులు ఆగిపోతాయి. ఆయనకి ఇంకో పని రాదు."

దానికి తెలుసు. ఎవరు చెప్పారో, ఎప్పుడు తెలిసిందో నాకు తెలీదు. నాకు కారణం రాయలేదు. నేను ఏమనుకున్నానో తెలుసా? నువ్వు చెయ్యి చేసుకునేవాడివేమో అనుకున్నా. ఆ అనుమానంతోనే "రా, రా" అని పిలిచి నీ మొహం చూద్దామనుకున్నా. నన్ను క్షమించు. ఒక్కసారి నిన్ను అడిగేసి ఉంటే, ఆ పిట్టల్ని ఎందుకు వద్దందో నీకు అప్పుడే తట్టేది.

పిల్ల కింద ఏదో రాస్తానంటోంది. చేతిరాత వంకరగా ఉంది, కంగారు పడకు.

*నాన్నా టోపీ పిట్టలకి కూడా ఇంజెక్షన్ చెయ్యి. నొప్పి కొంచెమే. నేను సబ్బుతో ఒక పిట్ట చేశాను బాలేదు. అమ్మ పిట్టని పెద్దమ్మ బీరువా పైన పెట్టింది. నువ్వు పొడుగు కదా వచ్చి దించు.*


చర్చి వెనక గది,
మార్చి 2

వదినకి,

మీ ఉత్తరం చాలాసార్లు చదివాను.

మే నెలలో ఒకరోజు మీ చెల్లెలు నాతో, "ఇక నుంచి లప్పం మీరే కలుపుకోండి, నా చేతులు నొప్పెడుతున్నాయి" అంది. పని మధ్యలో ఉన్నాను. విసుక్కున్నాను. సరేనని మళ్లీ తనే కలిపింది. మీరు రాసి పంపిన ఆమె కాగితం చదివాక ఆ రోజు గుర్తొచ్చింది. ఇంతకంటే రాయలేను.

చేతులు ఆగలేదని మాత్రం మీకు చెప్పాలి. ఎనిమిది పలకలూ శుభ్రమయ్యాయి. ఎర్ర సీసం డబ్బాలు ఆస్పత్రివాళ్లు చెప్పినచోట అప్పగించాను. ఇప్పుడు సుద్ద పొడి, నూనె, మసి అంతే. మెత్తగా ఉంటుంది, ఆరడానికి మూడు వారాలు ఎక్కువ పడుతుంది. ఫాదరు పట్టనివ్వండి అన్నారు. వల ఉంది. జనవరి ఇరవై తర్వాత కిటికీ కింద ఒక్క పిట్టా పడలేదు. గంటాయన రోజూ పొద్దున్నే వచ్చి చూసి వెళతాడు. మీ ఉత్తరం అందిన రోజు నేను కేకేస్తే, వేళ కాని వేళ రెండు దెబ్బలు కొట్టాడు. ఊళ్లో వాళ్లు ఎవరు పోయారని పరిగెత్తుకొచ్చారు. "పోలేదు, అదే కబురు" అన్నాడు.

పరీక్ష పద్నాలుగున అని రాశారు. పదమూడున బయల్దేరి వస్తాను. మీరు వద్దంటే రాను.

ఒక పెట్టె తయారుచేశాను. మంచి అద్దం, అలల్లేనిది. సీసం లేదు. అంచులకి రాగి పట్టీ, అతుక్కి వట్టి తగరం. ఐదు వైపులు అతికాను. ఆకు పిట్టని నేను దించి లోపల పెట్టి, ఆరో వైపు అక్కడే అతుకుతాను. దానికి మూత లేదు. తెరుచుకోదు. రెక్క మీద వేలి అచ్చు కనబడేట్టు పెడతాను. పిల్ల పక్కలో పెట్టుకుని పడుకోవచ్చు.

జుట్టు తీయించుకున్నాను. గోళ్లు మొదలంటా కత్తిరించాను. కొత్త బట్టలు కొన్నాను, గదికి తేకుండా స్టేషన్లో ఉంచాను. అయినా నాకు నమ్మకం లేదు. మీ గేటు బయట ఒక బకెట్ నీళ్లు, సబ్బు, అన్నయ్యగారి పాత బట్టలు ఒక జత పెట్టండి. నేను వచ్చిన చప్పుడు వినబడితే పిల్లని లోపలే పట్టుకోండి. గింజుకున్నా వదలకండి.

స్నానం అయ్యాక నేను పిలుస్తాను. అప్పుడు వదలండి.

మీ మరిది